నాలుగున్నర ఎకరాల రుచి

రాన్స్,
నవంబరు 8

చిరంజీవి బుజ్జికి,



నీ ఉత్తరం అందింది. వైన్ వడ్డించే సొమ్‌లియే శిక్షణలో ఈ నెల ఒంటిచేని షాంపేన్లు రుచి చూపిస్తున్నారనీ, పుస్తకంలో రాసిన వాసనల్లో ఒక్కటీ నీ ముక్కుకు తగలడం లేదనీ రాశావు. మీ అమ్మకేమో నువ్వు తాగుడు నేర్చుకుంటున్నావని దిగులు. నేర్చుకునేది తాగడం కాదక్కా, ఉమ్మడం అని ఫోన్లో చెప్పాను. నవ్వులాటకు అన్న మాట కాదది. పూటకు పాతిక వైన్లు చూసేవాళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు. నువ్వూ మొహమాటపడకు.

ముందు గ్లాసులో ఉన్నదేమిటో తెలుసుకో. షాంపేన్ మామూలుగా కలుపుడు విద్య. ఎన్నో ఊళ్ల ద్రాక్ష, ఎన్నో ఏళ్ల వైన్లు కలుపుతారు. ఒక ఊరి పులుపు మితిమీరితే ఇంకో ఊరి కండ దాన్ని సర్దుతుంది. క్రూగ్ కంపెనీ వారి గ్రాండ్ క్యువేలో వందకు పైగా వైన్లు కలుస్తాయి. వాళ్లదే ఒంటిచేని షాంపేన్ క్లో ద్యు మెనిల్ సంగతి వేరు. లె మెనిల్ సుర్ ఓజే ఊరి నడుమ 1698 నాటి ప్రహరీ లోపల 1.84 హెక్టార్ల తోట. మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. కింద సుద్దనేల, పైన షార్డొనే ద్రాక్ష ఒక్కటే. 1979 పంట నుంచి దాన్ని విడిగా సీసాల్లో నింపుతున్నారు. పంట నచ్చని ఏడాది ఆ పేరుతో సీసా బయటికే రాదు. లోటు పూడ్చడానికి పక్క చేను లేదు మరి.

మరుయ్ సుర్ ఆయ్‌లో ఫిలిపొనా వారి క్లో దె గ్వాస్ ఇంకో రకం. దక్షిణానికి తిరిగిన నిటారు వాలు, ఎండ దండిగా పడుతుంది, అందులో పినో న్వార్ ద్రాక్షదే పైచేయి. 1935 నుంచి ఆ వైన్ చేస్తున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకునే అదృష్టం పడితే, మొదటిది సన్నగా సూటిగా సాగడం, రెండోది భుజాలు విరుచుకుని రావడం నీకే తెలుస్తుంది.

ఇక పద్ధతి. సీసాలో ఒత్తిడి ఆరు అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది, కారు టైరులో ఉండేదానికి రెండింతల పైమాటే. తీగ వదులు చేసిన క్షణం నుంచి బిరడా మీద బొటనవేలు తీయకు. సీసాను ఏటవాలుగా పట్టుకుని, బిరడాను కాదు, సీసాను తిప్పు. ఢామ్మని పేలితే తప్పు నీదే. నిట్టూర్పంత చప్పుడు చాలు. పొడుగు సన్న గ్లాసు వద్దు, ముక్కు పట్టేంత బొజ్జ ఉన్నది తీసుకో. ఎనిమిది, పది డిగ్రీల దగ్గర మొదలుపెట్టు. మరీ చల్లబరిస్తే వాసన ముడుచుకుపోతుంది.

బుడగలు చూసి మురిసిపోకు. గ్లాసులో అవి పుట్టేది చాలావరకు తుడిచిన గుడ్డ వదిలిన సన్నని పోగుల దగ్గర. వాటి వరస చూసి వైన్‌కు మార్కులు వేస్తే, మార్కులు పడేది గుడ్డకే. బుడగను నాలుక మీద చూడు: గుచ్చుతోందా, కరుగుతోందా? చివరి గుక్కెడు అరగంట వదిలెయ్. గ్యాస్ పోయి కాస్త వెచ్చబడ్డాక మిగిలేదే ఆ చేను.

వాసనల పేర్ల గురించి బెంగపడకు. నీ ముక్కు మన ఇంట్లో పెరిగింది. పచ్చి నిమ్మతొక్క, వాక్కాయ పులుపు, దోరగా వేగిన జీడిపప్పు, వేసవిలో తొలివాన పడ్డ సున్నపు గోడ, ఏది తడితే అది తెలుగులోనే రాసుకో. ఆ తర్వాత వాళ్ల భాషలోకి మార్చుకోవచ్చు. సీసాలో రెండోసారి పులిశాక ఈస్టు మడ్డి మీద ఏళ్ల తరబడి ఉన్న వైన్‌కు కాల్చిన రొట్టె వాసన వస్తుంది. క్లో ద్యు మెనిల్ అయితే పదేళ్లకు పైనే నేలమాళిగలో ఉంటుంది. అయినా రొట్టె వాసన రాకపోతే రాలేదనే రాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు ముప్పయ్యేళ్లు నిండకముందు ఒక హోటల్లో ఒక ముసలాయనకు ఖరీదైన ఒంటిచేని సీసా తెరిచి, నిమ్మ, సుద్ద, హేజల్‌నట్ అంటూ పాఠం అప్పజెప్పాను. ఆ ముసలాయన ఓపిగ్గా అంతా విని, గ్లాసు నా వైపు జరిపి, "ఒకసారి వాసన చూడు బాబూ" అన్నాడు. తడిసి మక్కిన అట్టపెట్టె కంపు. బిరడా చెడి వైన్ పాడైంది. ముక్కు పెట్టకుండానే నోరు తెరిచాను. ఆ రాత్రి ఆయనకు నేను పోసింది వైన్ కాదు, పుస్తకం.

కలిపిన వైన్‌కు లోటు దాచుకునే చాటు ఉంటుంది. ఒంటిచేనికి లేదు. దాని ముందు కూర్చునే నువ్వూ ఎవరి మాటల చాటుకూ పోకు. ధర, పేరు, మేష్టారి మొహం, మూడూ పక్కన పెట్టి ముందు ముక్కు పెట్టు.

ఈసారి ఉత్తరంలో సీసా పేరు రాయకు. నీకు తగిలిన వాసనలు మాత్రం రాయి. ఏ చేనో నేను చెబుతాను. తప్పితే సంక్రాంతికి ఇంటికెళ్లే నీ టిక్కెట్టు ఖర్చు నాది.

ఆశీస్సులతో,
మావయ్య