మా వీధి మోరీ

సికిందరాబాదు నుండి ఉప్పల్ మీదుగా ఓరుగల్లునకు పోవు రాజమార్గముపై తార్నాక యను ప్రాంతము కలదు. తార్ అనగా తీగ; నాకా అనగా కావలివారుండు చోటు. నిజాముల కాలమున ఇచ్చట ఒక తోట యుండెననియు, దానిచుట్టును ముండ్లతీగ కట్టి దారిలో కావలి యుంచిరనియు, అందువలన ఈ పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. నేడు ఆ తోట లేదు, తీగయు లేదు. పేరు మాత్రము సిటీబస్సుల నొసళ్లపైనను, 2017 నవంబరులో తెరచిన మెట్రో మార్గపు స్టేషనుపైనను నిలిచియున్నది.

తార్నాకను ఆనుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణము కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా జారీచేయగా 1918లో ఆ విద్యాలయము స్థాపింపబడెను. ఉన్నతవిద్యను ఆంగ్లమున గాక ఉర్దూ భాషలో గరపుటకు పూనుకొన్నందున దానికి దేశమంతట పేరు వచ్చెను. తొలుత నగరములోని యిండ్లలో తరగతులు జరిగినవి. పిమ్మట అడిక్‌మెట్ మెరకపై స్థిరమైన స్థలము నేర్పరచిరి. గులాబి వన్నె గ్రానైటురాతితో కట్టిన ఆర్ట్సు కళాశాలకు 1934లో శంకుస్థాపన జరిగెను. 1939 డిసెంబరులో అది ప్రారంభింపబడెను. ఆ కట్టడమును చూడని హైదరాబాదు విద్యార్థి యుండడు. అయితే నేనిప్పుడు చెప్పబోవునది ఆ కట్టడమును గూర్చి కాదు. దాని చుట్టునున్న నేలను గూర్చియు, ఆ నేలపై పడు వానను గూర్చియు, ఆ వాననీరు చేరవలసిన మా వీధి మోరీని గూర్చియు మాత్రమే.

తార్నాక నుండి ఉప్పల్ వైపు నడచినచో గొప్ప పరిశోధనాలయములు కనబడును. 1944లో ఆరంభమైన ప్రయోగశాల యొకటి నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా ప్రసిద్ధి కెక్కినది. కూనూరులో 1918లో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చటనే యున్నది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడెను. కణ, అణుజీవశాస్త్ర కేంద్రము 1977లో మొదలయ్యెను. భూగర్భమున పుట్టు కంపమును పసిగట్టువారును, జీవకణపు గుట్టు విప్పువారును మాకు ఇరుగుపొరుగువారే. అయినను మా వీధిలో వాననీరు ఎచ్చట నాగుచున్నదో తెలిసికొనుటకు మాకు చాలకాలము పట్టెను.

నేను ఈ ప్రాంతమునకు కాపురము వచ్చిన దినములలో మా వీధిలో ఇంటికొక పెరడుండెడిది. పెరటిలో బావియో, మామిడిచెట్టో తప్పక యుండెడిది. లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనిచేయువారును, విశ్వవిద్యాలయపు ఉద్యోగులును, మావంటి బడిపంతుళ్లును కూడబెట్టిన సొమ్ముతో కట్టుకొన్న చిన్న యిండ్లవి. కాలక్రమమున ఆ యిండ్లు మేడలైనవి. పెరళ్లపై సిమెంటు పరచిరి. బావులు పూడ్చిరి. మా బావిని పూడ్పించినది నేనే. ఆనాడు అది ఒక గొప్ప అభివృద్ధి యని తలచితిని.

విద్యార్థులారా! మీరు ఒక చిన్న లెక్క వేసి చూడుడు. 200 చదరపు గజముల స్థలమనగా సుమారు 167 చదరపు మీటర్లు. దానిపై 5 సెంటీమీటర్ల వాన కురిసినచో ఎనిమిది వేల లీటర్లకు మించిన నీరు చేరును. మా వీధిలో పదునేడిండ్లు కలవు. అన్నింటి నీరు కలిసిన లక్షా ముప్పదియైదు వేల లీటర్లు దాటును. మన్ను గల చోట ఈ నీటిలో కొంత యింకును. విశ్వవిద్యాలయపు ఆవరణములో చెట్లక్రింద నేటికిని అట్లే యింకుచున్నది. మన నగరము రాతినేలపై నున్నది. బండపైన గల మట్టిపొరయు, బండలోని పగుళ్లును మాత్రమే నీటిని దాచుకొనగలవు. ఆ మట్టిపై సిమెంటు మూత పెట్టినచో నీరు వీధిలోనికే పరుగెత్తును. ఇంకుడుగుంతలు త్రవ్వుడని 2000లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నీరు-మీరు అను కార్యక్రమమున ఊరూర చెప్పినది. 2002లో శాసనమును వచ్చినది. మేము ఆ మాటలు విని తలలూపితిమి, అంతే.

2020 అక్టోబరు 13న హైదరాబాదులో కుండపోతగా వాన కురిసెను. మాకు సమీపముననే యున్న హబ్సిగూడ 8వ వీధిలోను, రవీంద్రనగరములోను ఇండ్లలోనికి నీరు ప్రవేశించి జనులు మేడలపై తలదాచుకొనిరి. మా వీధికి అంతటి ఆపద రాలేదు. రానందుననే మేము మేలుకొనలేదని చెప్పవలెను.

మా పొరుగింటి క్రింది వాటాలో నల్లగొండ జిల్లా నుండి వచ్చిన ఒక కుటుంబము అద్దెకుండెడిది. రోడ్డు వేసినపుడెల్ల పాతదాని మీదనే క్రొత్తపొర వేయుటచేత వీధి మట్టము పెరిగి, ఆ వాటా గడప వీధికంటె రెండు మెట్లు దిగువకు పోయెను. మరుసటి సంవత్సరము వానకాలమున ఒక రాత్రి రెండు గంటలపాటు వాన పడినది. తెల్లవారి చూడగా ఆ యింట మోకాలు మునుగునంత నీరు. ఆ యింటి పెద్దపిల్ల అప్పుడు ఎనిమిదవ తరగతి. దాని పుస్తకముల సంచి మంచము క్రింద నుండెను. నేను పోవుసరికి ఆ పిల్ల తడిసిన సాంఘికశాస్త్ర పుస్తకమును ఒడిలో పెట్టుకొని, అంటుకొనిపోయిన పుటలను ఒక్కొక్కటిగా విడదీయుచుండెను. తల్లి బియ్యపుడబ్బా నీటిని చేటతో తోడుచుండెను. నన్ను చూచి ఎవరును ఏమియు అనలేదు.

నేను ఇంటికి వచ్చి సంబంధిత కార్యాలయమునకు అర్జీ వ్రాసితిని. అది నేను వ్రాసిన మొదటి అర్జీ కాదు. అంతకుముందే నాలుగు వ్రాసియుంటిని. తెలుగు పండిత పరీక్షలో ఉత్తీర్ణుడనై ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను గాన నా అర్జీలు సమాసభూయిష్ఠములై యుండెడివి. "కొందరు స్వార్థపరులు సార్వజనికమగు కాలువల నాక్రమించి పొరుగువారి కష్టములకు కారకులగుచున్నారు" అను వాక్యమొకటి నాకు మిక్కిలి నచ్చి ఐదింటిలోను చేర్చితిని.

ఇట్లుండగా ఆ పిల్లయు, దాని తమ్ముడును ఒక పని మొదలుపెట్టిరి. వాన వచ్చినపుడెల్ల గొడుగు పట్టుకొని వీధి వెంట నడచి, నీరు ఎంతవరకు లేచినదో ప్రతి యింటి ప్రహరీగోడ మీద బొగ్గుతో గీత గీసి, వాన వెలసిన పిమ్మట దానిపై సుద్దతో దిద్దుచుండిరి. గోడలు పాడుచేయుచున్నారని కొందరు కసరిరి. నేనును ఒకమారు మందలించితిని. "పాడు చేస్తలేము తాతా, కొలుస్తున్నము" అని ఆ పిల్ల చెప్పెను.

నాలుగు వానలు గడచినవి. మా యెదుటి యింట లాలాగూడ కార్ఖానాలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి యుండెను. అతడొక సాయంకాలము నన్ను పిలిచి గీతలు చూపించెను. వీధి మొదట గీత బెత్తెడెత్తున నున్నది. పోను పోను పెరిగి, జానెడై, పొరుగింటి గోడకు వచ్చుసరికి మూరెడైనది. మా గేటు దాటిన వెంటనే మరల బెత్తెడునకు పడిపోయినది. "సార్, గొట్టంలో ఎక్కడ అడ్డం ఉంటే దానికి ఎగువనే ఒత్తిడి పెరుగుతుంది. ఇంజనులోనైనా ఇంతే" అని అతడు మెల్లగా చెప్పెను. అంతకుమించి చెప్పలేదు, చెప్పనక్కరయు లేదు.

మా అబ్బాయి కారు కొన్నప్పుడు గేటు ముందర మోరీపై షాబాదు బండలు పరచి, సిమెంటుతో ర్యాంపు కట్టించితిని. అడుగున నీరు పోవుటకు ఆరంగుళముల గొట్టము వేయించితిని. అదియే యెక్కువ యని మేస్త్రీ చెప్పగా నమ్మితిని. మరునాడు మోరీ శుభ్రము చేయు కార్మికుడు వచ్చి గడ్డపారతో ఒక బండ నెత్తెను. "సారూ, నీళ్లు ఈడనే బందయితున్నయి" అనెను. గొట్టములో గడ్డకట్టిన సిమెంటు, కొబ్బరిచిప్పలు, ప్లాస్టిక్ సంచులు దట్టముగా కూరుకొనియుండెను. ఆ సిమెంటు మా ర్యాంపు కట్టిననాటిదే. నేను అర్జీ నకలు తీసి స్వార్థపరులను గూర్చిన వాక్యమును మరల చదువుకొంటిని. చదివి మడచి పెట్టితిని.

ఆ ర్యాంపును నేను పగులగొట్టించితిని. అయితే వీధిలో అటువంటివి మరి పది కలవు. ఆదివారమునాడు అందరిని సమావేశపరచితిమి. మావారు కూడినపుడెల్ల ముందుగా పెద్ద విషయములే యెత్తుదురు. కూడలిని మూసి, వాహనములు దూరము పోయి మళ్లి రావలసిన ఏర్పాటు చేసిరని అరగంటసేపు వాదము జరిగెను. (ఆ కూడలిని 2025లో మరల తెరచిరి.) పిమ్మట విశ్వవిద్యాలయపు ద్వారముల ప్రసంగము వచ్చెను. ప్రొద్దుట ఆ చెట్లనీడన నడచుట మాలో పెక్కురకు అలవాటు. అది మా హక్కని కొందరందురు. అది విద్యాస్థానము; వసతిగృహములలోని విద్యార్థినుల రక్షణకై వాహనముల నరికట్టినచో మనము కినియుట తగదని నా తలంపు. ఈ మాట చెప్పి ఆనాడు పలువురి కోపమునకు పాత్రుడనైతిని.

మోరీ మాట వచ్చుసరికి సభ చల్లబడెను. ఇది ప్రభుత్వము చేయవలసిన పని యని ఒకరనిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. 1908లో మూసీ పొంగి వేలమంది మరణించిన పిదప గండిపేట, హిమాయత్‌సాగరములను కట్టినది వీధిజనులు కాదు, ప్రభుత్వమే. నగరపు పెద్దకాలువలు నేటికిని ప్రభుత్వమే త్రవ్వవలెను. రైల్వే పెద్దమనిషి ఇట్లనెను: "1992లో చేసిన రాజ్యాంగపు 74వ సవరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు పైబడిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలుండాలి. అక్కడికి పోయి అడుగుదాం. కాని మన ర్యాంపులు తీయకుండా ఏ మొగంతో అడుగుతాం?" ర్యాంపు క్రింది నేల మాది కాదని, వీధిదని అందరికిని తెలియును. అయినను తన గేటు ముందరి మూడడుగులు తనవే యని ప్రతివాడు నమ్మును. నేనును నమ్మినవాడనే.

బండలకు మారు ఇనుపజాలీలు వేయుటకు ఎట్టకేలకు ఎనిమిదిండ్లవారు సమ్మతించిరి. జాలీని ఎత్తి క్రింద శుభ్రము చేయవచ్చును. కారును దానిపై పోవును. ఇద్దరు మాత్రము ససేమిరా యనిరి. పాత రసీదులతో, గీతల కొలతలతో మరియొక అర్జీ వ్రాసితిమి. ఈమారు దానిని వ్రాసినది ఆ పిల్ల. అందులో సమాసములు లేవు. ఏ తేదీన ఏ యింటి ముందర ఎన్ని అంగుళముల నీరు నిలిచినదో యున్నది. రెండు వారములలో ఒక ఇంజనీరు వచ్చి, ఆ కాగితము చేతబట్టుకొని వీధి చివరవరకు నడచి చూచెను. చివరనున్న పూడిక తీయించుటకు యంత్రమును పంపించెను.

గత వానకాలమున పొరుగింటి మెట్లలో పైమెట్టు మాత్రమే తడిసెను. ఆ కుటుంబము ఇంకను అచ్చటనే యున్నది. మా పూడ్చిన బావి చోట నేను ఇంకుడుగుంత త్రవ్వించితిని; మొదటి వానకే నిండిపోవుచున్నది గాన దానిని ఇంకను లోతుచేయవలసియున్నది. గీతల పని ఇప్పుడు ఆ పిల్ల తమ్ముడు చూచుచున్నాడు. ర్యాంపులు తీయని ఆ రెండిండ్లకు ఎగువన గీత నేటికిని జానెడెత్తున పడుచున్నది. వారిలో ఒకరు మొన్న మా యింటికి వచ్చి, కూర్చుండక, గేటు వద్దనే నిలిచి జాలీ చేసిన వెల్డింగు దుకాణ మెచ్చట నున్నదని అడిగిపోయిరి.