మిరప, మినుములో నల్లి, బూడిద తెగులు: గంధకం వాడకంలో మెలకువలు

రంపచోడవరం ఏజెన్సీ ప్రాంతంలో మిరప, మినుము పైర్లను నల్లి, బూడిద తెగులు నుండి కాపాడుటకు రైతులు చాలాకాలం కెల్థేన్, కెరాథేన్ అనే వ్యాపార నామాలపై ఆధారపడ్డారు. వీటిలోని డైకోఫాల్, డినోకాప్ మందులను కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో నిషేధించింది. పాత పేర్లు చెప్పి అడిగే రైతుకు లేబుల్ లేని ద్రావణమేదో అంటగట్టే ప్రమాదం ఉన్నందున, ప్రత్యామ్నాయంపై స్పష్టమైన అవగాహన అవసరం. నల్లిపైన, బూడిద తెగులుపైన కూడా పనిచేసే నీటిలో కరిగే గంధకం అటువంటి ప్రత్యామ్నాయం.

లక్షణాల గుర్తింపు: మిరపలో తెల్లనల్లి లేత ఆకుల అడుగున చేరి రసం పీల్చుట వలన ఆకులు కిందికి ముడుచుకొని తిరగబడిన పడవ ఆకారంలో కనిపిస్తాయి, కాడలు సాగుతాయి. ఆకులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగు నష్టం. దానికి గంధకం పరిష్కారం కాదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను పదే పదే పిచికారి చేస్తే మిత్రపురుగులు నశించి నల్లి ఉధృతి పెరుగుతుంది.

పనిచేసే తీరు: మినుములో బూడిద తెగులు శిలీంధ్రం ఆకు ఉపరితలంపైనే పెరుగుతుంది కనుక గంధకం దానిని సులభంగా అదుపు చేస్తుంది. మిరపను ఆశించే శిలీంధ్రం ఆకు కణజాలంలోకి చొచ్చుకొనిపోయి, ఆ తర్వాతే అడుగుభాగాన తెల్లని పొడిగా బయటపడుతుంది. కావున మిరపలో తొలి మచ్చలు కనబడిన వెంటనే ఆకుల అడుగుభాగం తడిసేలా పిచికారి చేయాలి. తెగులు ముదిరితే మైక్లోబుటానిల్, నల్లి ఉధృతమైతే స్పైరోమెసిఫెన్ వంటి అంతర్వాహిక లేదా ప్రత్యేక మందులను లేబుల్‌పై సూచించిన మోతాదులో వాడాలి. గంధకం శిలీంధ్ర కణంలో పలుచోట్ల పనిచేయుట వలన శిలీంధ్రం దానికి సులభంగా అలవాటుపడదు.

మోతాదు: లీటరు నీటికి 3 గ్రాములు, అనగా 16 లీటర్ల ట్యాంకుకు 48 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల ద్రావణమైతే 600 గ్రాములు. పొడిని ముందుగా కొద్ది నీటిలో ముద్దగా కలిపి ట్యాంకులో పోయాలి. అవసరాన్ని బట్టి 10–15 రోజుల వ్యవధిలో మరొకసారి పిచికారి చేయాలి.

జాగ్రత్తలు:
• ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు, ముఖ్యంగా ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటినప్పుడు ఆకులు మాడతాయి. చల్లని వేళలోనే పిచికారి చేయాలి.
• ప్రకృతి వ్యవసాయంలో వేపనూనె వాడేవారు నూనెకు, గంధకానికి మధ్య కనీసం రెండు వారాల వ్యవధి ఉంచాలి.
• దోస, పుచ్చ వంటి తీగజాతి పైర్లలో కొన్ని రకాలు గంధకాన్ని తట్టుకోలేవు. ముందుగా నాలుగైదు మొక్కలపై పరీక్షించాలి.
• కళ్ళద్దాలు, మాస్కు, చేతి తొడుగులు ధరించాలి. పంపు కడిగిన నీటిని, మిగిలిన ద్రావణాన్ని గ్రామస్థులు తాగునీటికి వాడుకొనే వాగుల్లో, ఊటల్లో పోయరాదు.

మందు కొనేటప్పుడు వ్యాపార నామాన్ని గాక లేబుల్‌పై ఉన్న సాంకేతిక నామాన్ని, గడువు తేదీని చూసి రశీదు తీసుకోవాలి. సందేహముంటే తెగులు సోకిన ఆకులతో పందిరిమామిడి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను సంప్రదించాలి.