చిన్న ట్రాక్టరు దుక్కి - పొలము గట్లలో ఎలుకల నిర్మూలన



విశాఖపట్నము ద్వారకా నగర్‌లో కాపురముండి, అనకాపల్లి, చోడవరము, ఆనందపురము ప్రాంతములలో రెండు మూడెకరముల పొలము గలవారు ఆదివారమునాడు కాంప్లెక్సులో బస్సెక్కి పొలము చూచివచ్చుట మనమెరిగినదే. ఎడ్లను మేపుటకు మనిషి దొరకని ఇట్టివారికి చిన్న ట్రాక్టరు గొప్ప సాయము. కాని దుక్కి త్వరగా ముగిసినంత మాత్రమున పని తీరదు. వారమంతయు గట్టుమీద మనిషి తిరుగని పొలములోనే ఎలుక నిశ్చింతగా కాపురము పెట్టును. కావున దుక్కిని, ఎలుకల నిర్మూలనను ఒకే పనిగా జరుపు విధము తెలిసికొనుడు.

శత్రువును గుర్తించుట

మన వరి పొలములలో ఎక్కువ నష్టము చేయునది చిన్న పందికొక్కు. మన తెలుగు మాటయైన ‘పందికొక్కు’ నుండియే ఇంగ్లీషువారి ‘బాండికూట్’ అను మాట పుట్టినది. దీని కలుగు నోట తాజా మట్టికుప్ప ఉండును. తరచుగా నోరు మట్టితో మూసియుండును. ఇది తిన్నంత తిని, మిగిలిన వెన్నులను కొరికి కలుగులో దాచుకొనును. చెరకు తోటలో గడల మొదళ్లను కొరుకును. చూడి కట్టిన సుమారు మూడు వారములకే ఈని, ఈతకు ఆరేడు పిల్లలను పెట్టును. నేడు వదలిన ఒక్క జంట కోతల నాటికి మందయగును.

దుక్కి ఎట్లు చేయవలెను?

రెండు మూడెకరముల కమతమునకు 8 నుండి 12 అశ్వశక్తి గల పవర్ టిల్లరుగాని, 15 నుండి 25 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టరుగాని చాలును. వేసవి వానకు నేల పదునైనప్పుడు లోతుగా దున్నినచో పైపై కలుగులు చెదరిపోవును. గడ్డిగాదము నశించి ఎలుకకు మరుగుండదు.

అయితే నాగలి గట్టులోనికి పోదు. మడిలో చెదరిన ఎలుకలు గట్టునకే చేరును. కావున దుక్కి ముగిసిన వారములోపుననే గట్ల పని పట్టవలెను. గట్లను చెక్కి, గడ్డి తీసి, వీలైనంతవరకు అడుగు వెడల్పు, అడుగు ఎత్తు మించకుండ ఉంచుడు. లావు గట్టు ఎలుకకు కోట వంటిది.

ప్రాణాపాయము కలిగించు తప్పులు

ఎలుకలు తొలిచిన గట్టు పైకి గట్టిగా కనిపించును. దానిపై ట్రాక్టరు చక్రమెక్కిన తక్షణము కూలి, బండి తలక్రిందులు కావచ్చును. గట్టు దాటుటకు ముందు గునపముతో పొడిచి చూడుడు. బోలుగా ఉన్నచో మట్టి కూరి, ఏటవాలు దారి చేసి, తక్కువ గేరులో తిన్నగా దాటుడు. అడ్డముగా, ఏటవాలుగా దాటరాదు.

దున్నునప్పుడు బయటపడిన ఎలుకలను తరుముటకు పిల్లలు, కుక్కలు రోటవేటరు వెంట పరుగెత్తుట కలదు. ఇది మిక్కిలి ప్రమాదము. బండి నడుచునంతసేపు ఎవ్వరిని దగ్గరకు రానీయకుడు. పళ్లకు చుట్టుకొన్న గడ్డిని ఇంజను ఆపిన పిమ్మటనే తీయవలెను. కలుగులో చేయి పెట్టకుడు; అందు పాము ఉండవచ్చును.

ఎర పెట్టు విధము

మొదటి రోజు సాయంకాలము గట్లపై గల కలుగులన్నిటిని మట్టితో మూయుడు. మరునాడు ఉదయము తెరచియున్నవే ఎలుకలున్న కలుగులు. ఎర వానికే పెట్టవలెను.

కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల వంటనూనె, 0.25 శాతము బ్రోమాడయోలోన్ మందు 20 గ్రాములు తీసికొని, చేతికి తొడుగు వేసికొని కర్రతో కలుపుడు. 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లములు కట్టినచో సుమారు 66 కలుగులకు వచ్చును. పొట్లమును కలుగు లోపలికి నెట్టి, నోరు పలుచగా మూయుడు. ఈ మందు నెమ్మదిగా పనిచేసి రక్తము గడ్డకట్టకుండ చేయును. కొన్ని దినములకుగాని ఎలుక చావదు. అందువలన తక్కిన ఎలుకలు ఎరను అనుమానింపవు. పదిహేను దినములకు మరల కలుగులు మూసి చూచి, తెరచిన వానికి తిరిగి పెట్టుడు.

నాటిన నెలలోపు ఈ పని ముగించుట మేలు. పైరు పొట్టకు వచ్చిన పిమ్మట లేత వెన్ను వదలి ఎలుక ఎరకు రాదు. అప్పుడు వరిగడ్డితో పొగబెట్టు యంత్రమును వాడి, ప్రక్క కన్నములు మూసి, కలుగునకు రెండు మూడు నిమిషములు పొగ పట్టింపుడు.

చచ్చిన ఎలుకలను లోతుగా పాతిపెట్టుడు. కుక్కలు, పక్షులు తిన్నచో వానికిని అపాయమే. పొరపాటున మందు ఎవరి కడుపులోనికైనను పోయినచో, మందు పొట్లముతోసహా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు. దీనికి విరుగుడు కె1 విటమిను. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు రైతులు కొని వాడదగినవి కావు.

కాలికి పుండున్నచో వట్టికాళ్లతో బురదలో దిగకుడు. ఎలుక మూత్రము కలిసిన నీటివలన ఎలుక జ్వరము వచ్చును. బురదలో పని చేసిన కొన్ని దినములకు జ్వరము, ఒళ్లు నొప్పులు వచ్చినచో వైద్యునికి ఆ సంగతి తప్పక చెప్పవలెను.

మన మిత్రులు, మన ఇరుగుపొరుగు

జెర్రిపోతును చంపకుడు, ఎలుకలే దాని ఆహారము. గుడ్లగూబ వ్రాలుటకు పొలములో ఎకరమునకు నాలుగైదు పంగల కర్రలు పాతుడు. బుట్టలతో ఎలుకలు పట్టుటలో యానాదులు ఆరితేరినవారు. మందు వాడని చోట ఈ పద్ధతి శ్రేష్ఠము.

మీరొక్కరే చేసినచో ప్రక్క పొలమునుండి పది దినములలో మరల ఎలుకలు వచ్చును. ఆయకట్టు రైతులందరు కలిసి, చెరువు గట్టు, కాలువ గట్టుతోసహా ఒకే రోజున కలుగులు మూసి, మరునాడు ఎర పెట్టవలెను. పట్నములో ఉన్నవారు ఆ రెండు దినములైనను పొలమునకు వచ్చుట మరువరాదు. సందేహములున్నచో రైతు సేవా కేంద్రముననో, 1913లో స్థాపింపబడిన అనకాపల్లి పరిశోధనా స్థానముననో విచారింపుడు.