ఎర్రని అక్షరము: సంఘ క్రమశిక్షణపై ఒక పాఠము

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 18:15–17, యోహాను 8:1–11, 2 కొరింథీ 2:5–8, గలతీ 6:1



ఈ పాఠములో ఒక నవలను దృష్టాంతముగా తీసికొని, తప్పిపోయినవారి పట్ల సంఘము ఎట్లు నడుచుకొనవలెనో ధ్యానింతము. నవల పేరు 'ది స్కార్లెట్ లెటర్', అనగా ఎర్రని అక్షరము. అమెరికా రచయిత నథానియేల్ హాథార్న్ దీనిని 1850లో ప్రచురించెను. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యము చదివిన మన పిల్లలలో కొందరు దీనిని ఎరుగుదురు. మిగిలినవారి కొరకు కథను క్లుప్తముగా చెప్పుచున్నాము.

1. కథ

1640ల నాటి బోస్టన్ పట్టణము. అక్కడివారు ప్యూరిటనులు, భక్తిపరులు, కఠినులు. హెస్టర్ ప్రిన్ అను స్త్రీ, భర్త దగ్గర లేని కాలమున ఒక ఆడబిడ్డను కనెను. అధికారులు ఆమెను మూడు నెలల బిడ్డతో బజారులోని శిక్షల అరుగుపై నిలువబెట్టిరి. వ్యభిచారము అను ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరమైన 'ఏ' ను ఎర్రగుడ్డతో చేసి, జీవితకాలమంతయు రొమ్ముమీద ధరింపవలెనని తీర్పు చెప్పిరి. ఇది వట్టి కల్పన కాదు. ప్లిమత్ వలసలో 1658లో చేసిన చట్టము ఇటువంటి అక్షరములను బట్టలపై కుట్టుకొనవలెనని నిజముగానే ఆజ్ఞాపించెను.

బిడ్డ తండ్రి ఎవరో ఆమె చెప్పలేదు. ఆయన ఆ ఊరి కాపరియైన డిమ్స్‌డేల్. ఏడు సంవత్సరములు ఆయన తన పాపమును దాచి, ఆదివారము ఆదివారము ప్రసంగించుచు, లోలోపల కృశించిపోయెను. హెస్టర్ భర్త చిల్లింగ్‌వర్త్ మారుపేరుతో వైద్యుడుగా ఆయన చెంత చేరి, పగ తీర్చుకొనెను.

2. గుర్తులు

అక్షరము: ఊరివారు దానిని అవమానముగా కుట్టించిరి. హెస్టర్ దానినే బంగారు దారముతో అందముగా కుట్టుకొనెను. తరువాత కుట్టుపనితో బ్రతుకుచు, రోగులను చూచుచు, బీదలకు పెట్టుచు ఉండగా, ఆ అక్షరమునకు 'సమర్థురాలు' అని అర్థమని కొందరు చెప్పసాగిరి. ఇంగ్లీషులో ఆ మాటకును అదే మొదటి అక్షరము. గుడ్డ మారలేదు, చూచువారి కన్ను మారెను.

శిక్షల అరుగు: ఇది కథ మొదట, నడుమ, చివర వచ్చును. మొదట హెస్టర్ పట్టపగలు అక్కడ నిలుచును. నడుమ డిమ్స్‌డేల్ ఎవరును చూడని రాత్రివేళ ఎక్కును. చివర ఆయన అందరి యెదుట ఎక్కి, ఒప్పుకొని, అక్కడనే ప్రాణము విడుచును. చీకటిలో చేసిన ఒప్పుకోలు ఆయనకు నెమ్మది ఇయ్యలేదు. కీర్తన 32లో దావీదు చెప్పినది ఇదియే గదా.

చెర తలుపు దగ్గరి గులాబి పొద: మనుష్యులు కట్టిన చెర యెదుటనే దయ పూయునని దీని భావము.

పెర్ల్: ఆ బిడ్డ పేరునకు ముత్యము అని అర్థము. ఊరు సిగ్గని పిలిచిన దానిని తల్లి అమూల్యమని పిలిచెను.

చిల్లింగ్‌వర్త్: ఇతనిని ఎవరును తప్పుపట్టలేదు, ఇతని రొమ్మున ఏ అక్షరమును లేదు. అయినను పగచేత అందరికంటె ఎక్కువగా పాడైనవాడు ఇతడే.

3. వలస వచ్చినవారి భయము

ఆ బోస్టనువారు అంత కఠినులగుటకు కారణమేమి? వారు సముద్రము దాటి వచ్చిన వలసవారు. క్రొత్త దేశమున తమ పేరు చెడకూడదని, ఒకరి పాపము అందరిని కూల్చునని భయపడిరి. ఈ భయము మనకు క్రొత్త కాదు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామస్థుడు కి. రాజనారాయణన్ 1976లో తమిళమున వ్రాసిన 'గోపల్ల గ్రామం' నవలలో, తెలుగునాడు విడిచి ఈ నల్లరేగడి నేలకు వచ్చి ఊరు కట్టుకొన్నవారి కథ గలదు. వలస వచ్చినవారికి పరువే పెద్ద ఆస్తి.

కోవిల్‌పట్టిలోనైనను విరుదునగర్‌లోనైనను, ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడు చిన్న సంఘములలో అందరును అందరికి తెలిసినవారే. ఒక ఇంట తప్పు జరిగినయెడల, 'ఇరుగుపొరుగువారు మన తెలుగువారిని ఏమందురు?' అను మాట ముందు వచ్చును. 'ఆ ఆత్మ ఏమగును?' అను మాట వెనుక వచ్చును. మనము గుడ్డమీద అక్షరము కుట్టము. గాని వెనుక బల్ల చూపుదుము, పాటల గుంపులోనికి పిలువము, పెండ్లి శుభలేఖ ఇయ్యము, 'ఫలానావారి అమ్మాయి' అని గుసగుసలాడుదుము. తరచుగా ఆ అక్షరము స్త్రీకే కుట్టబడును, పురుషుడు తప్పించుకొనును. యోహాను 8లోను స్త్రీనే తెచ్చిరి, పురుషుని తేలేదు.

4. మన పితరులు మోసిన ముద్ర

బాప్టిస్టులమైన మనము మరువరాని సంగతి ఒకటి కలదు. ఆ ప్యూరిటనుల మసాచుసెట్స్ వలసయే శిశు బాప్తిస్మమును కాదన్నవారిని వెళ్ళగొట్టుటకు 1644లో చట్టము చేసెను. 1651లో ఓబదయా హోమ్స్ అను బాప్టిస్టు బోధకుని బోస్టన్‌లో 30 కొరడా దెబ్బలు కొట్టిరి. హాథార్న్ పితరులలో ఒకడు 1692లో సేలెం మంత్రగత్తెల విచారణలలో న్యాయాధిపతి; ఆ విచారణలలో 19 మందిని ఉరితీసిరి.

అయితే దేవుని కార్యము చూడుడి. 1836లో తెలుగువారి యొద్దకు వచ్చిన శామ్యూల్ డే దొరగారిని పంపిన బాప్టిస్టు మిషను కార్యాలయము ఆ బోస్టన్‌లోనే ఉండెను. ముద్ర వేయబడినవారి సంతతి ద్వారా మనకు సువార్త వచ్చెను. అట్టి మనము ఇంకొకరికి ముద్ర వేయుట తగునా?

5. మనము చేయవలసినది

పాపమును పాపము కాదని మేము చెప్పుటలేదు. ప్రభువు ఆ స్త్రీని శిక్షింపలేదు, అయినను ఇకను పాపము చేయవద్దనెను. క్రమశిక్షణ వాక్యానుసారమైనదే. మొదట ఒంటరిగా మాట్లాడవలెను. తరువాత ఇద్దరు ముగ్గురితో. ఆ తరువాతనే సంఘమునకు తెలుపవలెను. బజారు మాట ఈ మూడింటిలో లేదు.

పశ్చాత్తాపపడినవారిని ఏ కూటములో ప్రభువు బల్లకు దూరపరచితిమో, ఆ కూటములోనే తిరిగి చేర్చుకొనవలెను. చేర్చుకొన్న పిమ్మట ఆ సంగతి మరల ఎత్తరాదు. దుఃఖములో మునిగిపోకుండ అట్టివానిని క్షమించి ఆదరింపుడని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. కాపరులును పెద్దలును తమ బలహీనతను నమ్మకముగా చెప్పుకొనుటకు ఒక తోటి కాపరిని ఏర్పరచుకొనుట మేలు. డిమ్స్‌డేల్‌కు అట్టివాడు లేకపోయెను.

అగ్గిపెట్టెల ఊళ్ళలో నివసించు మనకు తెలిసినదే: ఒకే పుల్ల దీపము వెలిగించును, ఇల్లును కాల్చును. సంఘ క్రమశిక్షణయు అట్టిదే.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో మాటలేకుండ కుట్టిన అక్షరములు ఏవి?
2. తప్పు జరిగినప్పుడు స్త్రీని, పురుషుని ఒకే కొలతతో చూచుచున్నామా?
3. సంఘమునకు రాక మానినవారిలో, మన మాటవలన మానినవారు ఎవరు? ఈ వారము వారి ఇంటికి ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: ప్రభువా, కెంపువలె ఎర్రనైన మా పాపములను నీవు తెల్లగా చేసితివి. నీవు తుడిచిన దానిని మేము మరల వ్రాయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.