40 నిమిషాలు, 48 మంది

ప్రశ్న: మా బాబు కరీంనగర్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. సెక్షన్‌లో 48 మంది. కథలు నోటితో చక్కగా చెప్తాడు కానీ, అక్షరాలు కూడబలుక్కుని చదవలేడు. బోర్డు మీదిది రాసుకునేలోపే చెరిపేస్తారట. టీచర్‌ని అడిగితే ‘అల్లరి చెయ్యడండీ, బుద్ధిమంతుడు’ అంటారు. పెద్దయితే అదే వస్తుందిలే అంటారు మావారు. ఆగమంటారా?

జవాబు: ఆగొద్దమ్మా. 40 నిమిషాల పీరియడ్‌ను 48 మందికి పంచితే తలా ఒక నిమిషం కూడా రాదు. ఆ కాస్తా అల్లరి చేసేవాళ్లకీ, చెయ్యెత్తేవాళ్లకీ సరిపోతుంది. మీవాడిలా నోరెత్తకుండా వెనకబడే పిల్లలు ఎవరి కంటా పడరు. కిక్కిరిసిన తరగతిలో బుద్ధిమంతులకే ఎక్కువ నష్టం.

తరగతిలో పిల్లలు తక్కువుంటే ఏమవుతుందో అమెరికాలోని టెన్నెసీలో 1985 నుంచి నాలుగేళ్లు పరీక్షించి చూశారు. 13–17 మంది ఉన్న తరగతుల్లో చిన్నపిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. వాళ్లు పోల్చి చూసిన పెద్ద తరగతుల్లో ఉన్నది 22–25 మందే!

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ఆ లోపమేమీ లేకపోతే చదవడంలో ఇబ్బంది ఎక్కడుందో నిపుణులకు చూపించండి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో సలహా దొరుకుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చదవడం, రాయడంలో ఇబ్బందిపెట్టే అభ్యసన వైకల్యాన్నీ గుర్తించింది. ఫలితం వచ్చేదాకా ఇంట్లో సాయం ఆపనక్కర్లేదు. రోజూ పావుగంట పక్కన కూర్చుని చదివించండి.

టీచర్‌తో ‘కాస్త శ్రద్ధ పెట్టండి’ అంటే సరేనంటారు, అక్కడితో సరి. చేయగలిగినవే అడగండి: ముందు బెంచీ, బోర్డు మీదిది ఫొటో, వారానికి రెండుసార్లు మూడేసి నిమిషాలు విడిగా చదివించడం, అందరి ముందూ చదవమనకపోవడం. డైరీలో రాసి పంపండి. స్కూలు మార్చాల్సి వస్తే సెక్షన్‌లో ఎంతమంది, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారా అన్నవే మొదట అడగండి. ట్యూషన్‌కి పంపినా అక్కడా ఇరవైమంది ఉంటే లాభం లేదు.

ప్రశ్న: నేను ఆదిలాబాద్ జిల్లాలో ఏకోపాధ్యాయ బడిలో టీచర్‌ని. ఒకటి నుంచి ఐదు వరకు కలిపి 28 మందే. అయినా సరిగా వినబడని ఒక పాపకు సమయం ఇవ్వలేకపోతున్నాను. పిల్లలు తక్కువే కదా అంటారు అందరూ.

జవాబు: మీ దగ్గరున్నది ఒక తరగతి కాదు, ఐదు. పిల్లలు 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. రెండో పోస్టు కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ)కి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ఈలోగా తెలుగు, లెక్కల వేళ తరగతులు పక్కనపెట్టి, పిల్లల స్థాయిని బట్టి మూడు గుంపులు చేయండి. ఒక గుంపుకు మీరు చెబుతుంటే తక్కిన రెండూ సొంతంగా పనిచేసుకుంటాయి. పాపను మీ ముఖం కనబడేచోట కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పకండి. పాప పేరు బడుల, పిల్లల వివరాలు నమోదుచేసే యూడైస్‌లో ప్రత్యేక అవసరాల పిల్లల కింద నమోదైందో లేదో చూసి, మండలంలో అలాంటి పిల్లలకు తోడ్పడే భవిత కేంద్రం వాళ్లతో మాట్లాడండి. వినికిడి పరీక్షకూ, పరికరానికీ దారి వాళ్లు చూపిస్తారు.