కంచె నాటుట, కంచె కత్తిరించుట

చదువవలసిన భాగము: యెషయా 5:1-7



యెషయా చెప్పిన ద్రాక్షతోటకు కంచె యుండెను. ఆ కంచె తీసివేయబడినప్పుడు తోట ఏమగునో ప్రవక్త అక్కడ వివరించెను. సేద్యము చేయు మీకు దానిని విడమరచి చెప్పనక్కరలేదు. కంచె లేని చేను ఊరి మేకలన్నిటిదియు నగును. అయితే పచ్చని చెట్ల కంచె ఒకనాడు నాటి మరచిపోవునది కాదు. నాటుట ఒక పని, ఏటేట కత్తిరించుట మరియొక పని. ఈ రెండవ పనిలో మేము చేసిన తప్పును ముందు చెప్పి, పిమ్మట పాఠమునకు వచ్చెదము.

మేము చేసిన తప్పు

ఉప్పల్, నాచారము ఒకప్పుడు హైదరాబాదునకు తూర్పున నున్న పల్లెలు. నాచారములో కర్మాగారములు లేచెను. ఉప్పల్ 2007లో మహానగరములో కలిసెను. 2017లో మెట్రో రైలు వచ్చెను. ఈ రెండు ఊళ్ల నడుమ మా ప్రార్థన మందిరము లారీలు నడుచు బాట ప్రక్కనే యున్నది. ఆ బాటకును ఆదివారపు బడి పిల్లలకును అడ్డముగా 60 అడుగుల తూజా చెట్ల వరుస యుండెను. నర్సరీలవారు దానినే మోర్‌పంఖి అందురు.

2020లో కరోనా వలన మందిరము మూయబడెను. తిరిగి తెరచిన తరువాత కూడ ఎవరును కంచెమీద కత్తెర పెట్టలేదు. చెట్లు బాటమీదికి ఒరిగెను. 2022 మే నెలలో ఒక వివాహము కుదిరినందున, రెండేండ్ల పనిని ఒక్క దినములో ముగింపవలెనని మేము తలంచితిమి. కొడవళ్లతో ఇరుప్రక్కల మ్రోడుల వరకు కోయించితిమి. పచ్చదనమంతయు బండికెత్తబడెను, గోధుమరంగు కట్టెలు నిలిచెను. దినదినము ఆ చెట్లకు నీళ్లు పోసిన అవ్వ వచ్చి చూచి, “అయ్యగారూ, పచ్చాకు కొంచెమన్నా ఉంచకపోతిరి. ఇగ అది దేనితోని బతుకుతది?” అనెను. వానలు పడగానే చిగురించునని ఆమెకు మేము ధైర్యము చెప్పితిమి. వానలు వచ్చెను, వెళ్లెను. దసరానాటికి వరుసంతయు ఎండిపోయెను. మరుసటి వానల వరకు మా పిల్లలకును లారీలకును నడుమ ఒక త్రాడు మాత్రమే యుండెను.

ఎందుకు చిగురింపలేదు?

గోరింటను మోకాలెత్తున కోసినను చిగురించును, ఏలయనగా దాని ముదురు కొమ్మలలో సహితము మొగ్గలు నిద్రించుచుండును. తూజా గుణము వేరు. ఆకు రాలి గోధుమరంగు తేలిన దాని కట్టెలో అట్టి మొగ్గలు ఇంచుమించు ఉండవు. పచ్చగా నున్న భాగమునుండియే అది పెరుగును. మేము గోరింట ధర్మమును తూజాకు చెప్పుకొంటిమి. అవ్వ ఏ సెమినరీకిని పోలేదు, అయినను చెట్టును ఎరిగియుండెను.

చలిదేశపు కంచె

మన బిడ్డలు కొందరు కెనడాలో కాపురమున్నారు. అక్కడ ఇండ్లచుట్టు నాటు తెల్ల దేవదారు మన తూజాకు దగ్గరి చుట్టము. ఇది సొలొమోను మందిరమునకు తెప్పించిన లెబానోను దేవదారు కాదు. ఐరోపావారు దీనికి లాటిను భాషలో ‘జీవవృక్షము’ అని పేరు పెట్టిరి. 1535-36 చలికాలమున క్విబెక్కులో జాక్ కార్టియే నావికులు స్కర్వీ వ్యాధితో చనిపోవుచుండగా, అక్కడి ఆదివాసులు ఒక చెట్టు ఆకును బెరడును కాచి త్రాగుట నేర్పి వారిని బ్రతికించిరి. ఆ చెట్టు ఇదేయని అనేకులు తలంచుదురు.

అక్కడ దీనిని వసంతమున గాని శరత్కాలపు ఆరంభమున గాని రెండు మూడు అడుగుల ఎడముతో నాటుదురు. నేల గడ్డకట్టువరకు నీరు పోయుదురు. ఏలయనగా చలిగాలి ఆకులోని తడిని లాగివేయుచుండగా, గడ్డకట్టిన నేలనుండి వేరు నీరు త్రాగలేదు. అందుచేతనే గాలి వచ్చు దిక్కున గోనెపట్టా కట్టుదురు. కంచె పైభాగము వెడల్పుగా నున్నయెడల మంచు పేరుకొని కొమ్మలు చీలును, గనుక పైన సన్నముగా కత్తిరింతురు.

వారి జనవరి ఎట్టిదో మన మే నెల అట్టిది. వడగాలి ఆకును ఎండించును, ఎండిన నేల వేరుకు నీరియ్యదు. అట్టి నెలలో ఆకంతయు కోయుట మా రెండవ తప్పు.

మన కంచెకు పనికివచ్చు సంగతులు

మొదటిది, నాటుట. మా నేల ఎర్ర చల్క, కొంచెము త్రవ్వగానే మొరము తగులును. అడుగున్నర లోతు కాలువ తీసి, మాగిన పశువుల ఎరువును మట్టితో కలిపి నింపితిమి. 2023లో రెండు మంచి వానలు పడిన తరువాత, పెన్సిలు లావు గోరింట కొమ్మలను జానెడేసి కోసి, అడుగు ఎడముతో రెండు వరుసలుగా 120 నాటితిమి. ఎండిపోయినవాటి స్థానమునకు మరి 20 కొమ్మలను వేరుగా మడిలో పెంచితిమి. పశువుల బాధ యున్నచోట వాక చెట్లు మేలు. ముండ్లు కాపాడును, కాయలు పులుసునకు వచ్చును. వాక విత్తులను పండునుండి తీసిన వెంటనే విత్తవలెను.

రెండవది, రూపము. మొక్క నాటుకొనిన పిమ్మట గోరింటను నేలనుండి అరయడుగున తుంచవలెను. మనసొప్పదు గాని, అట్లు చేయనియెడల క్రింద బోసిపోయి మేకపిల్ల దూరును. తరువాత జానెడు పెరిగినప్పుడెల్ల సగము కత్తిరింపవలెను. క్రింద మూడడుగులు, పైన రెండడుగులు వెడల్పుండిన యెడల క్రింది ఆకునకును వెలుతురు తగులును.

మూడవది, కాలము. వానకాలమున కత్తిరించుడి. ఏప్రిల్, మే నెలలలో కత్తెర దాచి, మొదళ్లకు ఎండుటాకులు గాని వరిగడ్డి గాని పరచుడి. తూజా యున్నవారు లేత కొనలను మాత్రమే తీయుడి. పచ్చదనము దాటి కత్తెర లోపలికి పోకూడదు.

ముగింపు

నేడు మా గోరింట రొమ్మెత్తున నున్నది. అవ్వ చూపకుండ ఎవరును కత్తెర పట్టరు. సంఘమును, కుటుంబమును కూడ కంచెవంటివే. ఏండ్ల తరబడి విడిచిపెట్టి ఒక్కనాటి కోపముతో సరిచేయబోయినయెడల మ్రోడు మిగులును. పచ్చాకు ఉండగానే, కొంచెము కొంచెముగా, తరచుగా దిద్దవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ కంచెలో నున్న చెట్టు ముదురు కొమ్మనుండి చిగురించునదా, కాదా?
2. మీ ఇంట చాలకాలము విడిచిపెట్టి, ఒక్కసారిగా కోయజూచినది ఏది?
3. మీ సంఘములో ఆ అవ్వవంటి వారెవరు? వారిని అడిగితిరా?