మూర్ఛ యనుకొన్నది గుండెజబ్బు కావచ్చును

1856వ సంవత్సరమున జర్మనీ దేశమందలి లీప్‌జిగ్ నగరములో ఒక చెవిటి బాలికను బడిపెద్ద అందరి యెదుట మందలించుచుండగా, ఆమె కుప్పకూలి అక్కడికక్కడే మరణించినది. తల్లిదండ్రులు ఆశ్చర్యపడలేదు. వారి బిడ్డలు మరి యిద్దరు, ఒకరు భయముచేత, ఒకరు కోపావేశముచేత, అంతకుముందే ఇట్లు హఠాత్తుగా పోయియుండిరి. గుండెయొక్క విద్యుత్తును కాగితముపై గీసి చూపు యంత్రము ఆనాటికి లేదు.

1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగె-నీల్సెన్ అను వారు అట్టి కుటుంబమునే పరీక్షించిరి. ఆరుగురు బిడ్డలలో నలుగురు పుట్టుచెవిటివారు. తరచు స్పృహ తప్పుచుండిరి. ముగ్గురు పసితనముననే మరణించిరి. వారి ఇ.సి.జి.లో ‘క్యూ’ గుర్తునుండి ‘టి’ గుర్తువరకు గల కాలము మిక్కిలి దీర్ఘముగా నుండెను. చెవుడు లేని కుటుంబములందును ఈ లోపము కలదని 1963, 1964లలో ఇటలీ, ఐర్లండు వైద్యులు తెలిపిరి. ఇదియే ఎక్కువగా కనబడు రకము.

ఏతపుబాన మరల బావిలోనికి దిగిన పిమ్మటనే రెండవమారు నీరు తోడును గదా! గుండెయు అట్లే. ఒకమారు ముడుచుకొన్న పిదప దాని విద్యుత్తు యథాస్థితికి రావలెను. ఆ రాక ఆలస్యమైనచో గుండె లయ తప్పి వట్టినే వణకును; మెదడునకు రక్తమందదు. లయ తనంతట కుదిరినచో బిడ్డ లేచును, కుదరనిచో మరణించును. గుండెకణములందు పొటాషియం మొదలగు లవణములు రాకపోకలు సాగించు ద్వారములలోని వంశపారంపర్య దోషమే దీనికి మూలమని 1995, 1996లలో అమెరికాలోని కీటింగ్ బృందము కనుగొన్నది. అట్టి ద్వారమొకటి లోచెవికిని అవసరము. కనుకనే కొందరికి చెవుడు.

చెవుడుతో కూడిన రకము తల్లి, తండ్రి యిరువురినుండియు దోషము సంక్రమించినపుడే వచ్చును. మేనరికములు గల మన ప్రాంతమున దీనిని మరువరాదు.

పడిపోయిన వారి చేతిలో తాళపుచెవులు పెట్టుటను మేము పల్లెలలో చూచియున్నాము. రక్తమందనపుడు కూడ కాలుసేతులు కొట్టుకొనును; అది చూచి మూర్ఛయని నిశ్చయించుట తగదు. పరుగెత్తుచు, ఈదుచు, లేక గడియారపు గంటవంటి ఆకస్మిక ధ్వనికి బెదరి పడిపోయిన బిడ్డకు ఇ.సి.జి. తీయింపవలెను. అందు నొప్పి లేదు. కొద్ది నిమిషముల పని.

మరి రోగి భవిష్యత్తు ఎట్లుండును? ఆ కాలము 500 మిల్లీసెకండ్లు మించినను, మునుపు స్పృహ తప్పియున్నను అపాయ మధికము. అయినను బీటా బ్లాకర్ మాత్రలు నిత్యము వాడినచో ఆ యపాయము చాలవరకు తగ్గును. పెక్కుమంది సుఖముగా జీవించుచున్నారు. కొందరికి మాత్రము లయను సరిదిద్దు యంత్రమును ఛాతీలో అమర్చవలసివచ్చును. బిడ్డ బాగుగనే యున్నాడని మాత్రలు మాన్పించుట ప్రమాదము. కొన్ని సాధారణ ఔషధములు సైతము ఈ వ్యాధిగలవారికి హానిచేయును. కావున ఏ మందు కొన్నను వ్యాధి సంగతి ముందే చెప్పవలెను.

ఒకరికి వ్యాధి తేలినచో తల్లిదండ్రులను, తోబుట్టువులను గూడ పరీక్షింపవలెను. దోషమున్నను కొందరి ఇ.సి.జి. సరిగానే కనబడును. కనుక ఇంటిలో చిన్నవయస్సున హఠాన్మరణ మెప్పుడైన జరిగియున్నచో, వైద్యుడడుగకమునుపే ఆ మాట చెప్పుడు.